నింపితేనే తెలిసే చిల్లు (గాయాల చరిత్ర – 11వ భాగం)

బండి బోల్తాపడ్డ చోట జనం చాలా అడుగుతారు. ఏ ఊరు, ఎవరి తాలూకు, తలకు తగిలిందా, ఇంటికి ఫోను చేశారా. "ఒంటికి వెళ్ళొచ్చి ఎంతసేపైందమ్మా?" అని మాత్రం ఎవరూ అడగరు. అడిగితే బాగుండదు కూడా. కానీ పొత్తికడుపు మీద దెబ్బ తగిలిన మనిషి విషయంలో ఆ ఒక్క ప్రశ్నకే చాలా బరువుంది. పోయిన భాగంలో ప్లీహం దగ్గర ఆగాం. ఈసారి జానెడు కిందికి దిగి, కటి ఎముకల గిన్నెలో దాక్కున్న మూత్రాశయం సంగతి చూద్దాం. మన ఊళ్ళ మాటలో ఉచ్చబుడ్డ.

పల్నాడులో వెల్దుర్తి వైపు మిరప కోతల కాలంలో ఒక పొద్దున ఊహించుకోండి. ఇంకా చీకటి విడవకముందే మేస్త్రి కేకేస్తాడు. ఆడవాళ్ళు సద్దిగిన్నె, నీళ్ళ సీసా చంకన పెట్టుకుని ట్రాక్టరు ట్రక్కెక్కుతారు. ఇరవై మంది ఉంటే ఇరవై మందీ నిలబడో, అంచు మీద కూర్చునో పోవాల్సిందే. ఎక్కినవాళ్ళు దిగేదాకా ఒంటికి ఆపుకుంటారు. దారిలో బండి ఆపమని అడగడానికి మొహమాటం, ఆపినా చాటు లేని చోటు. అటువంటి ప్రయాణాలన్నీ క్షేమంగా ముగియవని ఈ జిల్లాకు చెప్పక్కర్లేదు. 2022 మే నెలాఖరున శ్రీశైలం నుంచి తిరిగొస్తున్న టాటా ఏస్ ఒకటి రెంటచింతల దగ్గర ఆగి ఉన్న లారీని ఢీకొట్టింది. 2025 ఫిబ్రవరిలో ముప్పాళ్ళ మండలం బొల్లవరం దగ్గర మిరప కూలీల ట్రాక్టరు తిరగబడి నలుగురు ఆడవాళ్ళు పోయారు. పోయినవాళ్ళ లెక్క పేపర్లో వస్తుంది. "గాయపడ్డవారిని ఆస్పత్రికి తరలించారు" అన్న వాక్యం తర్వాత ఏం జరుగుతుందో ఎక్కడా రాదు. ఈ భాగం ఆ వాక్యం తర్వాత మొదలయ్యే కథ.

ముందు ఆ తిత్తి స్వభావం తెలియాలి. ఖాళీగా ఉన్నప్పుడు అది ముడుచుకుని, జఘనాస్థి వెనకాల, బావిలో బొక్కెనలా అడుగున ఉంటుంది. అప్పుడు దాన్ని కొట్టడం కష్టం. ఎముకల గోడ దానికి కోట. నాలుగైదు వందల మిల్లీలీటర్ల మూత్రం చేరేసరికి కోట గోడ మీదుగా తల పైకెత్తి పొత్తికడుపులోకి వస్తుంది. పసిపిల్లల్లో అయితే ఎప్పుడూ పైనే ఉంటుంది. నిండిన తిత్తి మీద స్టీరింగో, ట్రక్కు అంచో, ఎద్దు కాలిగిట్టో పడితే లోపలి నీరు ఎటూ పోలేదు. నీటికి అణిగే గుణం లేదు. దెబ్బ బలమంతా గోడ మొత్తానికీ ఒక్కసారే పాకుతుంది. గోడలో అన్నిటికన్నా బలహీనమైన చోటు పైకప్పు. చిరుగు అక్కడ పడుతుంది. ఆ పైకప్పు మీద ఉదరకోశపు పొర కప్పి ఉంటుంది కాబట్టి చిరుగు నేరుగా పేగులుండే గదిలోకి తెరుచుకుంటుంది. ఉచ్చ అంతా అందులోకి దిగుతుంది.

రెండో దారి వేరు. పల్నాటిలో నాపరాయి బండ జారి తుంటి మీద పడినా, ట్రాక్టరు చక్రం నడుం మీదుగా ఎక్కినా, ముందు విరిగేది కటి వలయం. ఆ ఎముకల్ని తిత్తితో కట్టి ఉంచే పట్టీలు గుంజుకుంటాయి. ఒక్కోసారి విరిగిన మొన గుచ్చుకుంటుంది. అప్పుడు చిరుగు ముందువైపో పక్కనో, ఉదరకోశపు పొరకు బయట పడుతుంది. మూత్రం పేగుల గదిలోకి పోదు, కటి చుట్టూ ఉన్న కండలూ కొవ్వుల మధ్యకు ఊరుతుంది. మొద్దు దెబ్బలకు చిరిగే మూత్రాశయాల్లో నూటికి సుమారు 60 ఈ బయటి రకం, 30 లోపలి రకం, మిగిలినవి రెండూ కలిసినవి. ఒకటే తిత్తి, ఒకటే చిరుగు. ఏ వైపు పడిందన్న దాన్ని బట్టి వైద్యమే మారిపోతుంది. ఈ ముక్క తెలుసుకోవడానికి మనిషికి రెండు వేల ఏళ్ళు పట్టిందంటే అతిశయోక్తి కాదు. అయితే మొదటి అడుగు మన దగ్గరే పడింది.

సంస్కృత వైద్యంలో దీని పేరు వస్తి. (పంచకర్మల్లో వస్తి అంటే ఎనిమా కదా అని సందేహం రావచ్చు. మందు పట్టించడానికి పూర్వం మేక, గేదెల మూత్రాశయాన్ని సంచీగా వాడేవాళ్ళు. అలా సంచీ పేరే చికిత్సకు పెట్టారు.) చరకుడు ప్రాణానికి మూలమైన మర్మాలు మూడంటూ తలనీ గుండెనీ చెప్పి, వాటి పక్కన వస్తిని కూర్చోబెట్టాడు. సుశ్రుతుడు శస్త్రవైద్యుడు, ఆయన ఇంకా లోతుకు పోయాడు. 107 మర్మాల్లో దెబ్బ తగిలితే ఏడు రాత్రుల లోపు ప్రాణం తీసేవి 19 అని లెక్కగట్టి, వస్తిని అందులో చేర్చాడు. అక్కడితో ఆగి ఉంటే అది భయం పుట్టించే జాబితాగా మిగిలేది. ఆయన ఒక మినహాయింపు పెట్టాడు. రాయి తీయడానికి కోసినప్పుడు పడే గాయం వేరన్నాడు. అందులోనూ రెండు వైపులా తెగితే మనిషి బతకడు, ఒక వైపే తెగితే మూత్రం కారే పుండు ఏర్పడుతుంది, జాగ్రత్తగా చూసుకుంటే అది మానుతుంది అన్నాడు.

ఆ మాటను ఇవాళ్టి వైద్యుడు చదివితే ఉలిక్కిపడాలి. రాయి తీసే కోత కింద నుంచి, మూలం వైపు నుంచి పడేది. అంటే ఉదరకోశపు పొర జోలికి పోకుండా, దానికి బయట. ఆ గాయానికి మూత్రం బయటికి పోయే దారి దానంతటదే ఉంది. ఆ దారి ఉన్నంతకాలం తిత్తి ఎండుగా ఉంటుంది, ఎండుగా ఉన్న తిత్తి మానుతుంది. ఉదరకోశం సంగతి సుశ్రుతుడికి తెలుసని నేననను. కానీ చంపే చిరుగూ మానే చిరుగూ ఒకటి కాదని, తేడా చోటులో ఉందని ఆయన కళ్ళారా చూశాడు. ఏడు రాత్రుల లెక్క కూడా గాలిలోంచి వచ్చింది కాదు. కడుపులోకి ఉచ్చ దిగిన మనిషి వెంటనే పోడు. కొన్ని రోజులు గడుస్తాయి.

ఇక్కడ మన ప్రాంతపు మాట ఒకటి. సుశ్రుత సంహితను సంస్కరించింది నాగార్జునుడని పన్నెండో శతాబ్దపు వ్యాఖ్యాత డల్హణుడు రాశాడు. ఏ నాగార్జునుడు అన్నది చరిత్రకారులు ఇప్పటికీ తేల్చుకోని పేచీ. ఆ పేరుతో తత్త్వవేత్త ఉన్నాడు, రసవాది ఉన్నాడు, వైద్యుడున్నాడు. వెల్దుర్తికి ఉత్తరాన, మాచర్ల దాటితే వచ్చే నాగార్జునకొండకు ఆ పేరుందని మనం తొందరపడి సంబంధం కలపకూడదు. కానీ ఆ లోయ వైద్యం ఎరగనిది కాదు. 1926లో వెలుగుచూసి, సాగర్ నీళ్ళు వచ్చేలోపు 1954 నుంచి 1960 దాకా ఆదరాబాదరాగా తవ్వి తీసిన ఆ ఇక్ష్వాకుల నగరంలో, మూడో శతాబ్దపు శాసనంలో 'విగతజ్వరాలయం' అన్న మాట ఉంది. జ్వరాల రోగులకు కేటాయించిన ఆలయమని పండితులు అర్థం చెప్పారు. పల్నాట ఆస్పత్రి అనే ఊహకు అంత వయసుంది.

ఈ శాసనానికి శతాబ్దాల ముందే గ్రీకులు ఈ గాయాన్ని యుద్ధంలో చూశారు. హోమర్ ఇలియడ్‌లో మెరియొనీస్ అనే వీరుడు పారిపోతున్న శత్రువుని వెనక నుంచి కొడతాడు. ఆ ఈటె కుడి పిరుదులో దిగి, ఎముక కింది నుంచి పోయి మూత్రాశయాన్ని చీలుస్తుంది. శరీర నిర్మాణం తెలిసిన కవి. హిప్పోక్రటీస్ పేరుతో వచ్చిన సూత్రాల్లో మూత్రాశయపు గాయం ప్రాణాంతకమని ఒక్క ముక్కలో తేల్చేశారు. సుశ్రుతుడు ఉంచిన మినహాయింపు అక్కడ లేదు. యూరప్ వైద్యులు ఆ ఒక్క ముక్కనే రెండు వేల ఏళ్ళు నమ్మారు. చచ్చే గాయానికి కత్తి ఎత్తడమెందుకని చేతులు ముడుచుకున్నారు.

మన కారంపూడి యుద్ధంలో ఎవరి పొత్తికడుపు చిరిగిందో వీరుల కథ చెప్పేవాళ్ళను అడగాలి. కథల్లో గాయాలన్నీ కత్తివి, కుంతానివి. అదే వింత. పొడిచిన గాయానికి వీరగాథ ఉంది, నలిగిన గాయానికి లేదు. రథం కిందపడి, ఏనుగు కాలికింద పడి తుంటి నుగ్గయినవాడు ఏ యుద్ధంలోనైనా ఉండే ఉంటాడు. పైన చర్మం చిట్లదు, రక్తం కనబడదు. నాలుగో రోజు ఉబ్బిన కడుపుతో పోతాడు. అతని మీద ఎవరూ పాట కట్టరు.

చిరగకుండానే చిరిగిందని పేరు తెచ్చుకున్న మూత్రాశయం ఒకటి మాత్రం చరిత్రకెక్కింది. ఖగోళ శాస్త్రజ్ఞుడు టైకో బ్రాహీ 1601 అక్టోబరు 13న ప్రాగ్‌లో ఒక దొర విందుకెళ్ళాడు. మధ్యలో లేస్తే మర్యాద కాదని ఒంటికి ఆపుకుని కూర్చున్నాడు. ఇంటికొచ్చాక మూత్రం రాలేదు, 24న చనిపోయాడు. ఉచ్చబుడ్డ పగిలి పోయాడని లోకం చెప్పుకుంది. ఆరోగ్యంగా ఉన్న మూత్రాశయం మర్యాదకు పగలదు. బిగుసుకుపోయి మూత్రం ఆగిపోవడం, ఒంట్లో విషాలు పేరుకోవడం అన్నదే నమ్మదగిన మాట. ఆపుకోవడం ఒక్కటే చంపదు, ఆపుకున్నప్పుడు తగిలిన దెబ్బ చంపుతుంది. టైకోకు కుర్చీ ఉంది. మన కూలీలకు ట్రక్కు అంచుంది.

కథ మలుపు తిరిగింది పందొమ్మిదో శతాబ్దంలో. ఆ కాలపు ఇంగ్లండు, అమెరికా ఆస్పత్రుల్లో ఈ కేసు ఎప్పుడూ ఒకే రూపంలో వచ్చేది. తాగి ఉన్న మగవాడు, సారాయి వల్ల నిండిన తిత్తి, కొట్లాటలో కడుపు మీద తన్ను. మత్తులో దెబ్బ తెలియదు, మర్నాటికి గాని నొప్పి రాదు. 1862 నాటికే పిట్స్‌బర్గ్‌లో వాల్టర్ అనే వైద్యుడు తెగించి అటువంటి వాడి కడుపు కోశాడు. లోపల చేరిన మూత్రాన్ని తుడిచి శుభ్రం చేసి, చిరుగును కుట్టకుండానే మూసి, మూత్రం పోవడానికి గొట్టం ఉంచాడు. రోగి బతికాడు. 1876లో లండన్‌లో విల్లెట్ ఒక అడుగు ముందుకేసి తిత్తిని కుట్టాడు. రోగి పోయాడు. విచిత్రమైన లెక్క. కుట్టనివాడు బతికాడు, కుట్టినవాడు పోయాడు. చేతులు ముడుచుకునే వాళ్ళకు అది చాలు కదా. పదేళ్ళ దాకా చాలామంది ధైర్యం చేయలేదు.

1886లో విలియం మెక్‌కార్మక్ రెండు కేసులు ప్రకటించాడు. బెల్‌ఫాస్ట్‌లో పుట్టి లండన్ సెయింట్ థామస్ ఆస్పత్రిలో పనిచేసిన శస్త్రవైద్యుడు, 1870 నాటి ఫ్రాన్సు-ప్రష్యా యుద్ధంలో సెడాన్ దగ్గర గాయాలు కుట్టి చేయి తిరిగినవాడు. ఇద్దరికీ చిరుగు లోపలివైపే. ఇద్దరి కడుపూ తెరిచి, మూత్రం కడిగేసి, పట్టు దారంతో తిత్తిని కుట్టాడు. ఇద్దరూ బతికారు. ఆయన గొప్పదనం ధైర్యం ఒక్కటే కాదు. విల్లెట్‌కూ ఆయనకూ మధ్య పదేళ్ళలో క్రిములను చంపే లిస్టర్ పద్ధతి ఆస్పత్రుల్లో స్థిరపడింది. దారం తిత్తి లోపలి పొరను దాటి బయటపడకుండా కుట్టాలని కూడా అప్పటికి తెలిసింది. ఎందుకంటే మూత్రంలో వేలాడే దారం చుట్టూ ఉప్పు పేరుకుని రాయి కడుతుంది. ఇప్పుడు కరిగిపోయే దారాలున్నాయి కాబట్టి ఆ బెంగ తగ్గింది. అప్పట్లో పట్టు దారంతో లోపలికి పొడవకుండా బయటి పొరల్ని కలపడం కంసాలి పనంత నాజూకు.

అదే 1886లో వెల్దుర్తిలో ఒకాయన ఎద్దుబండి కింద పడ్డాడనుకోండి. తెరిచి కుట్టే వైద్యుడు ఎంత దూరంలో ఉన్నాడు? మిషనరీ వైద్యురాలు అన్నా సారా కుగ్లర్ 1883లోనే గుంటూరు వచ్చింది, కానీ ఆమె ఆస్పత్రి తలుపులు తెరిచింది 1898లో. అదీ ఆడవాళ్ళ కోసం. గుంటూరు వైద్య కళాశాల వచ్చింది 1946లో. నల్లమల అంచు నుంచి గుంటూరుకు బండి మీద పోయేలోపు సుశ్రుతుడి ఏడు రాత్రుల్లో సగం అయిపోయేవి. పసుపు, సున్నం పట్టు వేసి, కాచిన నీళ్ళు తాగించి, "ఒంటికి వస్తే గండం గడిచినట్టే" అనుకుంటూ కూర్చోవడమే. ఆ మాటలో సగం నిజం ఉంది. ఒంటికి రాకపోవడం నిజంగానే గండం. వచ్చినంత మాత్రాన గండం గడవదు. చిరుగు చిన్నదైతే కాస్త వస్తుంది, కాస్త లోపలికి దిగుతుంది.

మెక్‌కార్మక్ కుట్టు నేర్పాడు సరే, ఏ కడుపు తెరవాలో ఎవరు చెప్పాలి? ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం ఇదే. ఏ ఊరి సెంటరుకైనా పోయి పంక్చర్ షాపులో కాసేపు నిలబడండి. ట్యూబు తీసి, చేత్తో తడిమి, చిల్లు ఎక్కడుందని ఎవడూ వెతకడు. ముందు గాలి కొడతాడు. బాగా ఉబ్బిన ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి తిప్పుతాడు. ఉబ్బకపోతే చిల్లు నోరు తెరవదు, బుడగ రాదు. మూత్రాశయమూ అంతే. ఖాళీ తిత్తిలో చిరుగు పెదాలు దగ్గరగా అతుక్కుని ఉంటాయి. కొవ్వో పేగో వచ్చి దాన్ని కప్పుతుంది. చూసినా కనపడదు.

ఈ సంగతి పాతవాళ్ళకీ తోచింది. గొట్టం ద్వారా కొలిచిన నీళ్ళు పోసేవాళ్ళు, తిరిగి ఎంత వచ్చిందో కొలిచేవాళ్ళు. పోసినంత తిరిగి రాకపోతే చిల్లు ఉన్నట్టు. తెలివైన ఊహే, కానీ మోసం చేసేది. కడుపులోకి దిగిన నీళ్ళు మళ్ళీ అదే చిరుగు గుండా వెనక్కి వచ్చి లెక్క సరిపోయేది. అదీగాక మురికి గొట్టంతో మురికి నీళ్ళు కడుపులోకి పోసినట్టయ్యేది. 1895లో రంట్‌గెన్ ఎక్స్‌రే కనిపెట్టాక దారి దొరికింది. మూత్రం ఎక్స్‌రేకు కనపడదు, వెండి కనపడుతుంది. జర్మనీలో ఫోల్కర్, లిష్టెన్‌బర్గ్ అనే ఇద్దరు 1905-06లో వెండి కలిపిన కొలార్గాల్ ద్రవాన్ని మూత్రాశయంలోకి నింపి ఫోటో తీశారు. పంక్చర్ షాపువాడి నీళ్ళ తొట్టి ఎక్స్‌రే గదికి వచ్చిందన్నమాట. తర్వాత వెండి పోయి అయోడిన్ మందులు వచ్చాయి. వాటితో తీసే సిస్టోగ్రామే ఇప్పటికీ ఈ గాయానికి తీర్పు చెప్పే పరీక్ష.

దాన్ని సరిగ్గా తీయడం ఒక పని. పెద్దవాళ్ళకు కనీసం 300 నుంచి 350 మిల్లీలీటర్ల మందు సీసా ఎత్తున కట్టి, దానంతటది దిగేలా వదలాలి. నిండాక ఒక ఫోటో. ఖాళీ చేశాక ఇంకొకటి. రెండోది ఎందుకంటే తిత్తి వెనక దాక్కున్న మరక నిండినప్పుడు కనపడదు, ఖాళీ అయ్యాకే బయటపడుతుంది. ఫోటోలో తెల్లటి మందు పేగుల చుట్టలను చుట్టుకుని కనపడితే చిరుగు లోపలివైపు. కటి చుట్టూ దీపపు మంటలాగా ఎగజిమ్మి కనపడితే బయటివైపు. చుట్టూ గడ్డకట్టిన రక్తం నొక్కితే తిత్తి ఆకారం కన్నీటి బొట్టులా సాగి ఉంటుంది.

ఇప్పుడు అందరూ సీటీ స్కాన్ అంటున్నారు. 1971లో మొదటి రోగిని స్కాన్ చేసిన ఆ యంత్రం గాయాల వైద్యాన్ని మార్చింది, నిజమే. కానీ ఇక్కడే ఒక పొరపాటు పెద్ద పెద్ద చోట్ల కూడా జరుగుతుంది. రక్తనాళంలోకి మందెక్కించి, కడుపంతా స్కాన్ తీసి, మూత్రాశయం బాగానే ఉందని రాసేస్తారు. నరంలో ఎక్కించిన మందు మూత్రపిండాల గుండా చుక్క చుక్కగా చేరేలోపు తిత్తి ఉబ్బదు. గాలి కొట్టకుండా ట్యూబు చూసినట్టే. గొట్టం ద్వారా నింపి తీస్తే సీటీ కూడా మామూలు సిస్టోగ్రామంత బాగా పనిచేస్తుంది. మా బంధువుల్లో ఒకరికి పేరు చెప్పనక్కర్లేని ఒక ఆస్పత్రిలో ఇలాగే మొదటి స్కాన్‌లో ఏమీ లేదన్నారు. రెండో రోజుకు రక్తపరీక్షలో క్రియాటినిన్ ఎక్కిపోయింది. కిడ్నీలు చెడ్డాయని ఇంటిల్లిపాదీ ఏడ్చారు. కిడ్నీలకు ఏమీ కాలేదు. కడుపులోకి కారిన మూత్రాన్ని ఉదరకోశపు పొర మళ్ళీ రక్తంలోకి పీల్చుకుంటోంది, అంతే. ఒంట్లోంచి ఒకసారి తోసేసిన విషం పెరటి గుమ్మం గుండా ఇంట్లోకి వచ్చింది. చిరుగు కుట్టాక లెక్క దానంతటదే దిగింది.

అసలు అనుమానం ఎప్పుడు రావాలి? మూత్రంలో కంటికి కనపడే రక్తం. ఈ గాయం ఉన్నవాళ్ళలో నూటికి తొంభైకి పైగా అది ఉంటుంది. దానికి కటి ఎముక విరగడం తోడైతే ఇక ఆలోచించక్కర్లేదు, నింపి ఫోటో తీయాల్సిందే. అమెరికా యూరాలజీ సంఘం 2014లో ఇచ్చిన సూచనల్లోనూ ఇదే గట్టిగా చెప్పారు. కటి ఎముక విరిగిన నూరుగురిలో మూత్రాశయం చిరిగేది ఐదు నుంచి పదిమందికే. కానీ మొద్దు దెబ్బకు మూత్రాశయం చిరిగినవాళ్ళలో అత్యధికులకు కటి ఎముక విరిగే ఉంటుంది. మిగిలినవాళ్ళు ఎవరంటే, నిండు తిత్తితో దెబ్బ తిన్నవాళ్ళు. పైన తోలు గీరుకోలేదు, ఎముక విరగలేదు, కాబట్టి వాళ్ళనే ఇంటికి పంపేస్తారు.

నింపాలంటే గొట్టం కావాలి. మన ఆస్పత్రుల్లో "యూరిన్ పైపు వేశారు" అంటే అది దాదాపు ఎప్పుడూ ఫోలీ గొట్టమే. అమెరికాలో సెయింట్ పాల్ నగరపు వైద్యుడు ఫ్రెడరిక్ ఫోలీ దాన్ని 1930ల్లో తయారుచేశాడు. కొసన చిన్న బెలూను, లోపలికి పోయాక దాంట్లో నీళ్ళు నింపితే జారి బయటికి రాదు. పేటెంటు మాత్రం 1936లో ఒక రబ్బరు కంపెనీ మనిషి పాల్ రైష్ పేరుతో పోయింది. ఫోలీ కోర్టు దాకా వెళ్ళి కొట్లాడి ఓడిపోయాడు. పేటెంటు పోయినా పేరు మిగిలింది. వెల్దుర్తి మెడికల్ షాపులో కూడా "ఫోలీస్" అని అడిగితేనే ఇస్తారు.

అయితే ఈ గొట్టానికి ఒక పెద్ద నిషేధం ఉంది. కటి విరిగిన మగవాడి మూత్రద్వారం కొసన రక్తపు బొట్టు కనపడితే గొట్టం తోయకూడదు. మూత్రనాళం సగం తెగి ఉండవచ్చు. తోస్తే పూర్తిగా తెగుతుంది, ఆ మనిషి జీవితాంతం నాళం సన్నబడి బాధపడతాడు. ముందు నాళంలోకి కొంచెం మందు పంపి ఫోటో తీయాలి. నాళం తెగి ఉంటే పొత్తికడుపు మీద చిన్న కోత పెట్టి పైనుంచి గొట్టం వేస్తారు.

మందు ఫోటోలో మరక కనపడింది. ఇప్పుడు సుశ్రుతుడి తేడా దగ్గరికి మళ్ళీ వచ్చాం. లోపలివైపు చిరుగైతే కడుపు తెరిచి కుట్టాల్సిందే, మెక్‌కార్మక్ నాటి నుంచీ దీనికి మారు మాట లేదు. పైకప్పు మీద పడే ఆ చిరుగు బారుగా ఉంటుంది, దానంతటది మూసుకోదు. ఇప్పుడు కరిగే దారంతో రెండు వరసల్లో కుడతారు, కొన్నిచోట్ల లాపరోస్కోపుతోనూ కుడతారు. బయటివైపు చిరుగు సంగతే చిత్రమైనది. చాలాకాలం దాన్ని కూడా తెరిచి కుట్టేవాళ్ళు. 1975లో రిచర్డ్‌సన్, లెడ్‌బెటర్ అనే ఇద్దరు కొందరిని కోయకుండా గొట్టంతోనే నయం చేశామని రాశారు. 1986లో హ్యూస్టన్‌లో కొరియర్, శాండ్లర్ ఏడేళ్ళలో తాము చూసిన 111 మూత్రాశయపు గాయాల అనుభవం ప్రకటించాక ఆ దారి స్థిరపడింది. గొట్టం పెట్టి తిత్తిని రెండు మూడు వారాలు ఎండుగా ఉంచితే చిరుగు మానుతుంది. ఒక వైపే తెగిన పుండు జాగ్రత్తగా చూసుకుంటే మానుతుందన్న పాత మాట హ్యూస్టన్ చుట్టి మన దగ్గరికి తిరిగొచ్చింది.

కొరియర్, శాండ్లరే ఇంకో నమ్మకాన్నీ కదిపారు. విరిగిన ఎముక మొన గుచ్చుకునే తిత్తి చిరుగుతుందని అందరం అనుకుంటాం. వాళ్ళు చూసిన చాలా కేసుల్లో చిరుగు విరిగిన ఎముక పక్కన లేనే లేదు. ఎముకల గిన్నె ఒక్కసారి వంగి తిరిగి లేచేటప్పటి గుంజుడే తిత్తిని చింపుతోందన్నమాట. మొన నిజంగా తిత్తిలోకి దిగి ఉంటే మాత్రం గొట్టంతో కుదరదు, తెరవాలి. తిత్తి మెడ దగ్గర తెగినా, యోనిమార్గమో మలాశయమో కలిసి తెగినా అంతే. ఎముకల డాక్టరు కటికి ప్లేటు వేయడానికి ఎలాగూ కోస్తుంటే, ఆ కోతలోనే తిత్తినీ కుట్టేస్తారు. ప్లేటు పక్కన మూత్రం ఊరుతుంటే చీము పట్టకుండా ఉంటుందా?

ఇప్పుడు దూరం లెక్క. 2005 ఆగస్టు 15న 108 అంబులెన్సులు ఉమ్మడి రాష్ట్రంలో మొదలయ్యాయి, 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. పేర్లు మారుతుంటాయి, జనం నోట్లో మాత్రం అది ఆరోగ్యశ్రీయే. 1886 నాటి ఎద్దుబండికీ దీనికీ పోలికే లేదు. అయినా వెల్దుర్తి నుంచి మాచర్ల, మాచర్ల నుంచి నరసరావుపేటో గుంటూరో అంటే వంద కిలోమీటర్ల దాకానో అంతకు మించో దారి. దారిలో చంపేది మూత్రం కాదు. విరిగిన కటి ఎముకల్లోంచి లోపల్లోపల కారే రక్తం. కాబట్టి మొదటి వైద్యం తిత్తికి కాదు, తుంటికి. ఇంట్లో దుప్పటి మడిచి నడుం మీద కాకుండా తొడ ఎముకల గుబ్బల ఎత్తున చుట్టి బిగిస్తే ఎముకల గిన్నె మూసుకుని రక్తం తగ్గుతుంది. మనిషిని అటూ ఇటూ దొర్లించకూడదు. కాళ్ళు లాగి సరిచేయడం అసలు వద్దు. పుత్తూరు కట్టు మీద నాకు గౌరవం ఉంది. చేయి విరిగినవాడు పోతే పోవచ్చు. తుంటి నలిగినవాణ్ణి మాత్రం కట్టు దగ్గరికి తీసుకుపోవద్దు. దారిలో ఒంటికి వస్తే, ఎర్రగా ఉంటే, ఆ రంగు సంగతి డాక్టరుకు చెప్పాలి. ఆడవాళ్ళు నెలసరి అనుకుని చెప్పరు. పక్కనున్నవాళ్ళు సిగ్గుపడి అడగరు.

ఆపరేషన్ అయ్యాక, లేదా గొట్టంతోనే వదిలాక, మనిషి సంచీతో ఊరికొస్తుంది. మంచం పట్టెకు వేలాడే సంచీ ఎప్పుడూ తిత్తి కన్నా కిందే ఉండాలి, లేకపోతే మూత్రం వెనక్కి పోతుంది. గొట్టం మెలిపడితే, రక్తపు గడ్డ అడ్డుపడితే తిత్తి నిండుతుంది, నిండితే మానుతున్న చిరుగు మళ్ళీ నోరు తెరుస్తుంది. చూడటానికి వచ్చిన చుట్టాలు మంచం మీద కూర్చునే ముందు గొట్టం ఎటు పోయిందో చూసుకోవాలి. కోతలు ముగిసేలోపు పైపు తీసేయమని అడిగేవాళ్ళుంటారు, కూలి పోతోంది మరి. రెండో వారమో మూడో వారమో మళ్ళీ ఆస్పత్రికి పోయి, మళ్ళీ అదే మందు నింపి, మళ్ళీ అదే ఫోటో తీయించుకోవాలి. తెల్లటి ఉండ అంచు ఎక్కడా చెదరకుండా గుండ్రంగా వస్తే నర్సు బెలూనులో నీళ్ళు సిరంజితో లాగి పైపు తీస్తుంది. ఆ తర్వాత ఆ మనిషి ఒంటికి వెళ్ళొచ్చేదాకా ఇంటివాళ్ళు వరండాలో ఎదురుచూస్తారు.

(వచ్చే భాగం: మూత్రనాళం తెగితే – రాగి సలాకల నుంచి కుట్టు దాకా)